స్ట్రోక్ (పక్షవాతం) తర్వాత పెద్దవాళ్లకు ఏది మేలు? రీహాబ్ సెంటరా, ఇల్లా?

డిశ్చార్జి మాట వినపడగానే ఇంట్లోవాళ్లు ఫిజియోథెరపిస్టునైన నన్ను పక్కకు పిలిచి అడిగేది ఒకటే: "నాన్నగారిని రీహాబ్ సెంటర్లో చేర్చమంటారా, ఇంటికి తీసుకెళ్లిపోమంటారా?" ఈమధ్య ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చెప్పేస్తాను. మంచం మీద లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలన్నా, నీళ్లు తాగుతుంటే పొరబోతున్నా, ఒక పక్కన ఏముందో అసలు పట్టించుకోకుండా ఉన్నా సెంటరే మేలు. మింగడం సరిగ్గా లేని మనిషికి ఇంట్లో ప్రేమగా పెట్టే రెండు ముద్దలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. అలాగే, స్ట్రోక్ స్వల్పంగా వచ్చి చేతికర్ర సాయంతో నడిచేస్తున్నవాళ్లను సెంటర్లో ఉంచాల్సిన పని లేదు.

చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లతోనే. ఒక మనిషి చెయ్యి అందిస్తే మంచం మీంచి కుర్చీలోకి మారగలరు, మాట కొంచెం ముద్దగా వస్తోంది, చెయ్యి ఇంకా లేవడం లేదు. వీళ్ల విషయంలో నా మొగ్గు ఇంటివైపే. ఎందుకంటే నేను చూసేది థెరపీ జరిగే గంటను కాదు, మిగిలిన పగలంతా ఏం జరుగుతోందన్నది. చాలా సెంటర్లలో ఆ కాస్త సమయం అయ్యాక పెద్దాయన మళ్లీ మంచం ఎక్కి పైకప్పు చూస్తూ పడుకుంటారు. దెబ్బతిన్న మెదడు మళ్లీ నేర్చుకునేది పనికొచ్చే కదలికను పదేపదే చేస్తేనే. బాత్రూంకి వెళ్లడం, చొక్కా తొడుక్కోవడం, అందరితో పాటు కూర్చుని తినడం లాంటి పనులు ఇంట్లో రోజంతా ఉంటాయి.

పరిశోధన కూడా ఇంటిని తక్కువ చేయలేదు. 2011లో వెలువడిన లీప్స్ అధ్యయనంలో 408 మంది పాల్గొన్నారు. కొందరికి క్లినిక్‌లో నడుముకు పట్టీ కట్టి ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు, కొందరికి థెరపిస్టు ఇంటికే వెళ్లి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయించారు. ఏడాది తిరిగేసరికి నడకలో రెండు వర్గాలూ ఒకేలా మెరుగయ్యాయి.

అయితే ఇక్కడ ఇల్లంటే థెరపిస్టు వచ్చి వెళ్లే ఇల్లు. ఇంట్లోవాళ్లకు నేర్పిస్తే చాలు, వాళ్లే చేయించుకుంటారన్నది వేరే సంగతి. భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగిన అటెండ్ అధ్యయనం సరిగ్గా దాన్నే పరీక్షించింది. 2017లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి ఉన్నవాళ్లు కలిపి, ఇంట్లోవాళ్లకు నేర్పించిన వర్గంలోనూ, మామూలు చికిత్స వర్గంలోనూ 47 శాతమే. ఇంట్లోవాళ్లకు నేర్పించడం వల్ల అదనపు మేలు కనపడలేదు.

ఇంట్లో నన్ను భయపెట్టేది అతిప్రేమ. కుర్చీలోంచి లేపడమే చూడండి. కొడుకు వచ్చి చంకల కింద చేతులేసి ఒక్క ఊపున లేపేస్తాడు, మూడు సెకన్లలో పని అయిపోతుంది, తండ్రి కాళ్లు మాత్రం ఏమీ నేర్చుకోవు. అదే ఆయన్ను కుర్చీ అంచుకు జరగనిచ్చి, పడిపోయిన కాలితో సహా రెండు మడమలూ మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి పెట్టించి, ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగమని చెప్పి, పక్కన నిలబడి ఆగితే ఆయనే లేస్తారు. అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఆగే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే నా సలహా మారుతుంది, సెంటరే నయం. ఇంకోటి, పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకూడదు. కండరాల పట్టు పోయిన భుజం కీలు కిందికి జారుతుంది. ఆ నొప్పి మొదలైతే నెలల తరబడి చెయ్యి ముట్టుకోనివ్వరు.

మళ్లీ స్ట్రోక్ రాకుండా చూసుకునే సంగతికొస్తే సెంటర్‌కే మార్కులు వేయాలి. అక్కడ నర్సు వేళకు బీపీ చూస్తుంది, మాత్ర చేతిలో పెడుతుంది. ఇంటికొచ్చాక బీపీ బాగుందని మాత్ర మానేసేవాళ్లను చూస్తూనే ఉంటాను. 6105 మందితో జరిగిన ప్రోగ్రెస్ అధ్యయనంలో (2001) బీపీ తగ్గించే మందుల వల్ల మళ్లీ స్ట్రోక్ రావడం 28 శాతం తగ్గింది. వ్యాయామం ఎంత చేసినా ఈ మందులకు బదులు కాదు. కాబట్టి ఇంటికి తీసుకెళ్తే బీపీ మిషన్, ఒక నోటుబుక్కు తప్పనిసరి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాక, బాగున్న చేతికే చూడాలి. పెద్దవాళ్లకు నిలబెట్టి కూడా ఒకసారి చూడండి, లేవగానే బీపీ పడిపోయి కింద పడేవాళ్లున్నారు. గుండె లయ తప్పినందుకు రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే, పన్ను పీకించుకోవడానికని సొంతంగా ఆపకూడదు.

చేతిని కదిలించి వ్యాయామం చేయించే రోబో యంత్రాలున్నాయని ఊరించే సెంటర్లు ఉన్నాయి. 770 మందితో చేసిన రాటల్స్ అధ్యయనంలో (2019) మామూలు చికిత్స కన్నా చేతి పనితీరులో అదనపు మేలు కనపడలేదు. వీడియో కాల్ థెరపీ, మధ్యమధ్యలో ఒక తోడుగా సరే. పగలు తీసుకెళ్లి సాయంత్రం తెచ్చుకునే డే కేర్, ప్రయాణం తట్టుకోగలిగితే మంచిదే.

మొదటిరోజు నుంచే గట్టిగా నడిపిస్తామనే మాటకు కూడా లొంగకండి. 2104 మందితో జరిగిన అవర్ట్ అధ్యయనంలో (2015) తొలి 24 గంటల్లోనే లేపి ఎక్కువెక్కువగా కదిలించినవాళ్లకు మూడు నెలల తర్వాత ఫలితం కొంత తగ్గింది.

నేను ఎక్కువమందికి చెప్పేది ఇది: ఒక్కరి సాయంతో కుర్చీలోకి మారగలిగేదాకా సెంటర్, తర్వాత థెరపిస్టు వచ్చే ఇల్లు. చేర్చిన రోజే పంపించే తేదీ సుమారుగా అడిగి పెట్టుకోండి. ఇంట్లో పగలు చూసుకోబోయే మనిషిని ఆ తేదీకి ముందే థెరపీ గదిలోకి తీసుకెళ్లి, మంచం నుంచి కుర్చీకి మార్చడం థెరపిస్టు ఎదుటే వాళ్ల చేత చేయించండి.