మూడో ఎండాకాలంలో చేతులెత్తేసిన స్ప్రింగు పట్టీలు

నలభై 18650 రకం లిథియం సెల్స్‌తో, సోల్డరింగ్ గానీ స్పాట్ వెల్డింగ్ గానీ లేకుండా, కేవలం స్ప్రింగు పట్టీల ఒత్తిడి మీద నడిచే 36 వోల్టుల బ్యాటరీ ప్యాక్‌ను నా ఎలక్ట్రిక్ సైకిలుకు కట్టుకుని నాలుగేళ్లు దాటింది. పాడైన సెల్‌ను ఒక్కదాన్నే తీసి మార్చుకోగలగడం నన్ను ఈ పద్ధతి వైపు లాగింది, ఆ సౌకర్యం ఇప్పటికీ నాకు ఇష్టమే. మొదటి రెండేళ్లూ అడిగిన ప్రతివారికీ ఫాస్ఫర్ బ్రాంజ్ (రాగి, తగరం కలిసిన మిశ్రమం) పట్టీలు చాలునని గట్టిగా చెప్పాను. ఆ మాటను కొంత సవరించుకోవలసి వచ్చింది.

పట్టీని ఎంచుకునేటప్పుడు నేను చూసింది విద్యుత్ వాహకత ఒక్కటే. రాగిని వందగా తీసుకుంటే ఫాస్ఫర్ బ్రాంజ్ సుమారు 15, గట్టి రకం బెరీలియం కాపర్ (బెరీలియం కలిపిన రాగి) 22 నుంచి 25, స్టెయిన్‌లెస్ స్టీల్ రెండున్నర లోపు. స్టీలును పక్కన పెట్టడం సరైన పనే, ఎందుకంటే 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగను 15 సెంటీమీటర్లు చుట్టిన స్ప్రింగు ఒక్కటే 0.2 ఓమ్ దాటుతుంది, 4 ఆంపియర్ల దగ్గర అది మూడు వాట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. మిగిలిన రెండింటి మధ్య 15కూ 23కూ తేడా ఏపాటిదని ధర తక్కువదాన్ని తీసుకున్నాను. లెక్క ప్రకారం అది తప్పు కాదు, పొట్టిగా వెడల్పుగా ఉండే పట్టీలో లోహపు నిరోధం ఈ రెండింటిలో దేనికైనా ఒక మిల్లీఓమ్ లోపే ఉంటుంది. అసలు నిరోధమంతా పట్టీ సెల్‌ను తాకే చోట ఉంటుంది, దాన్ని అదుపులో ఉంచేది స్ప్రింగు ఒత్తిడి. ఆ ఒత్తిడి ఎన్నేళ్లు నిలుస్తుందన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

మూడో ఏడు మే నెలలో, హైదరాబాదులో ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మోటారు ఆగిపోయింది. మీటరులో ఇంకా పావు వంతు చార్జింగ్ ఉంది. కాసేపు ఆగితే మళ్లీ నడిచేది, ఎత్తు రాగానే మళ్లీ ఆగేది. ఇంటికి వచ్చి విప్పి, నాలుగేసి సెల్స్ పక్కపక్కన కలిపిన ఒక్కో వరుస వోల్టేజీని కొలిస్తే పదింటికి పదీ సమానంగా ఉన్నాయి, అందుకని ఆ వారమంతా నేను వోల్టేజీ పడిపోతే కరెంటు ఆపేసే రక్షణ సర్క్యూట్ అయిన బీఎంఎస్‌నే అనుమానించాను. చివరికి ఒక స్నేహితుడి చేత చక్రం మీద బ్రేకు పట్టించి, మోటారు తిరుగుతుండగా మల్టీమీటరు మొనలను ఒకటి పట్టీ మీద, ఇంకొకటి సెల్ అంచు మీద పెట్టి చూశాను. మంచి పట్టీల దగ్గర 20 మిల్లీవోల్టులు కనిపించిన చోట, మోటారుకు కరెంటు పంపే కంట్రోలరు పక్కనున్న వరుసలో 300 దాటింది. ఆ వరుస వోల్టేజీ పడిపోయిందనుకుని బీఎంఎస్ తన పని తాను సరిగ్గానే చేస్తూ వచ్చిందన్నమాట.

ఆ పట్టీలను తీసి చూస్తే విషయం బోధపడింది. కొత్తలో హోల్డరు గోడ నుంచి 3 మిల్లీమీటర్లు ముందుకు నిలిచినవి ఒకటిన్నర దగ్గర ఆగిపోయాయి. కంట్రోలరు వేడి, ఎండలో నిలిపిన సైకిలు, లోపల నడిచే కరెంటు వేడి కలిసి వాటి బిగువును మెల్లగా తినేశాయి. ఒత్తిడి తగ్గితే తాకే చోట నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి పెరుగుతుంది, వేడికి పట్టీ ఇంకా వాలుతుంది. నాలుగు సెల్స్‌లో ఒకటి ఇలా సడలితే దాని భారం మిగిలిన మూడింటి మీద పడి వాటి పట్టీలూ అదే దారి పడతాయి. పట్టీల మీది తగరపు పూత రోడ్డు కుదుపులకు సెల్ అంచుతో రాసుకుని నల్లటి పొడిగా మారింది, అది నిరోధాన్ని ఇంకా పెంచింది. కంట్రోలరును ప్యాక్‌కు ఆనించి పెట్టింది నేనే కాబట్టి తప్పంతా లోహానిదని అనలేను.

కంట్రోలరును దూరం జరిపి, ఆ పక్కనున్న మూడు వరుసల్లో 24 పట్టీలను నికెల్ పూత ఉన్న బెరీలియం కాపర్‌తో మార్చాను. మెత్తగా ఉన్నప్పుడు వంచి, 315 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాల్చి గట్టిపరిచే లోహం ఇది. ఇంట్లో చేయగలిగిన పని కాదు కనుక తయారైనవే కొన్నాను, ఒక్కోదానికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడింది. సరిపోని పట్టీని ఆకురాయితో అరగదీయడం మాత్రం ఎవరూ చేయవద్దు, బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఏడాదిన్నర తర్వాత, మధ్యలో ఒక పూర్తి ఎండాకాలం గడిచాక విప్పి కొలిస్తే అవి 2.8 మిల్లీమీటర్ల దగ్గర నిలిచి ఉన్నాయి. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే నేను ఒక్కో సెల్ నుంచి లాగేది 4 ఆంపియర్లే. పది లాగేవారికి నా అనుభవం పనికిరాకపోవచ్చు, వారి స్థానంలో ఉంటే నేను వెల్డింగే చేయించేవాణ్ణి. టార్చి లైటుకో, నీడలో ఉండే ఇన్వర్టరు ప్యాక్‌కో ఫాస్ఫర్ బ్రాంజ్ చాలునని ఇప్పటికీ అనుకుంటున్నాను. నా ప్యాక్‌లోనే చల్లటి వైపున్న 56 పాత పట్టీలు ఇంకా రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. వాటిని మార్చలేదు, వచ్చే మే నెలలో మళ్లీ కొలుస్తాను.