ఈ స్టీల్ గిటార్ ఎవరిది? చెవి, కాగితం, జ్ఞాపకం: ఏది మేలు?

1937లో బింగ్ క్రాస్బీ పాడిన "స్వీట్ లెయ్‌లానీ" డెక్కా కంపెనీ ప్లేటు మీద రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి క్రాస్బీది, రెండోది "లానీ మెకింటైర్ అండ్ హిజ్ హవాయియన్స్". ఆ పాటకి ఆస్కార్ వచ్చింది. పాటను అంటిపెట్టుకుని జారుతూ సాగే స్టీల్ గిటార్, అంటే ఒళ్ళో పెట్టుకుని ఉక్కు కడ్డీతో పలికించే గిటార్, వాయించిందెవరో మాత్రం లేబుల్ చెప్పదు. లానీ బృంద నాయకుడే గానీ ఆయన చేతిలో ఉండేది మామూలు గిటారు. సోదరుడు డిక్ మెకింటైర్ ఆ రోజుల్లో పేరుమోసిన స్టీల్ వాద్యకారుడు కదా, ఆయనే అయ్యుంటాడని రాసేసుకోవడం తేలిక. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అది సాక్ష్యం అవుతుందా?

పాత హవాయి రికార్డులు సేకరించేవాళ్ళకి ఈ చిక్కు రోజూ ఉండేదే. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా–పసిఫిక్ ప్రదర్శన తర్వాత అమెరికా అంతటా హవాయి సంగీతం మోజు పట్టుకుంది. కంపెనీలు ప్లేట్ల మీద ప్లేట్లు తీశాయి. జనాన్ని ఆకట్టుకున్నది స్టీల్ గిటార్ నాదమే. లేబుల్ మీద పడింది మాత్రం గాయకుడి పేరు, నాయకుడి పేరు, లేదా కంపెనీవాళ్ళు పుట్టించిన బృందం పేరు. వాద్యకారుడు ఆ పూట డబ్బు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మన సినిమా పాటల ప్లేట్ల మీద గాయకుల, సంగీత దర్శకుల పేర్లే ఉండి వీణ ఎవరిదో, వేణువు ఎవరిదో లేకపోవడం మనకీ అలవాటే.

మరి ఆ పేరు పట్టుకోవడం ఎలా? ముఖ్యంగా మూడు దారులున్నాయి. వాయించే బాణీని బట్టి చెవితో పోల్చుకోవడం ఒకటి. రికార్డింగు పుస్తకాలు, నంబర్లు, ఒప్పందాలు వెతకడం రెండోది. అప్పటివాళ్ళనో వాళ్ళ కుటుంబాలనో అడగడం మూడోది. ఫోటోలు కూడా ఉన్నాయి గానీ వాటి బలం తక్కువ. ఆ సంవత్సరం ఆ బృందంలో ఎవరున్నారో ఫోటో చెబుతుంది, ఆ రోజు స్టూడియోకి ఎవరు వచ్చారో చెప్పదు.

చెవి సంగతి ముందు చూద్దాం. ఎక్కువమంది మొదలుపెట్టేది దానితోనే, ఎక్కువమంది దారితప్పేది కూడా అక్కడే. గోటువాద్యం విన్నవాళ్ళకి ఈ వాద్యం ధోరణి వెంటనే అర్థమవుతుంది. మెట్ల మీద వేలు నొక్కే పని లేదు. తీగల మీద ఉక్కు కడ్డీ జారుతుంది, కుడిచేయి మీటుతుంది. అందుకే మనిషి ముద్ర గమకాల్లోనే ఉంటుంది. కంపితం ఎంత వేగంగా, ఎంత వెడల్పుగా ఉంది? స్వరాన్ని కింద నుంచి జారి అందుకుంటున్నాడా, నేరుగా దాని మీద వాలుతున్నాడా? కడ్డీని ఏటవాలుగా పెట్టి రెండు స్వరాల జంటలు తీస్తున్నాడా? అరచేతి అంచు ఆనించి గంట మోగినట్టు హార్మోనిక్స్ ఎక్కడ పలికిస్తున్నాడు? గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో ఏం దూరుస్తున్నాడు? జూల్స్ ఆ సీ వాదనలోని గంట నాదం, సోల్ హోపీ వాదనలోని జాజ్ నడక ఒకసారి మనసుకి ఎక్కితే మళ్ళీ పోవు.

ఇంత బాగా గుర్తుపట్టగలం గనకే చెవిని నమ్మి పేరు రాసేస్తాం. అయితే బాణీ ఒక్కడి సొత్తు కాదు. గురువుది శిష్యుడికి వస్తుంది, అమ్ముడుపోయిన ప్లేటుది అది కొన్న ప్రతి కుర్రవాడికీ వస్తుంది. హోపీ ప్లేట్లు అరగదీసి నేర్చుకున్నవాళ్ళు హోపీలాగే వాయించారు, అందులో వింతేమీ లేదు. పైగా వినబడే నాదానికీ వాయించే శరీరానికీ మధ్య మనం ఊహించలేనిది ఉండవచ్చు. బిల్లీ హ్యూ లెన్ కుర్రతనంలో జరిగిన ప్రమాదంలో ఎడమచేతిని పోగొట్టుకున్నాడు. తోలు తొడుగుకి కడ్డీ బిగించుకుని వాయించేవాడు. ఆయన ప్లేట్లు ఎన్నిసార్లు విన్నా ఈ సంగతి ఏ చెవికీ తట్టదు.

ప్లేటు తిరిగే వేగం ఇంకో మోసం. "78" అని, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవని, మనం అనుకునే ప్లేట్లన్నీ 78 దగ్గరే రికార్డు కాలేదు. మైక్రోఫోను రాకముందు కొన్ని కంపెనీలు 80 దగ్గర, కొన్ని 76 చుట్టుపక్కల తీశాయి. 80 దగ్గర తీసిన ప్లేటును 78 దగ్గర తిప్పితే శ్రుతి అర్ధస్వరంలో దాదాపు సగం దిగిపోతుంది. 76కీ 80కీ తేడా దాదాపు ఒక అర్ధస్వరం. శ్రుతితో పాటు కంపితం వేగం కూడా మారుతుంది. అంటే మనం దేన్ని మనిషి ముద్ర అనుకుంటున్నామో అదే టర్న్‌టేబుల్ చేతిలో ఉంది. వేగం సరిచూడకుండా "ఇది ఫలానా ఆయన కంపితమే" అని వాదించేవాళ్ళతో నేను వాదించడం మానేశాను.

ఇన్ని లోపాలున్నా చెవిని తీసి పక్కన పెట్టలేం. అది పేరు పెట్టడంలో బలహీనం, పేరు కొట్టేయడంలో మాత్రం గట్టిది. ఒక ఉదాహరణ చూడండి. పాత వాద్యకారులు ఎక్కువగా వాడిన ఎ మేజర్ శ్రుతిలో (తీగలను బిగించే ఒక పద్ధతి) కడ్డీని తిన్నగా ఉంచి తీగలన్నీ మీటితే మేజర్ కార్డే (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) పలుకుతుంది. అలాంటిది, నాలుగు తీగలు ఒక్కసారిగా మీటిన మైనర్ కార్డు చెదరకుండా పైకి జారుతూ వినిపిస్తే ఆ వాద్యం ఎ మేజర్‌లో లేదని తేల్చేయవచ్చు. 1930ల్లో హోపీ ప్రచారంలోకి తెచ్చిన సి షార్ప్ మైనర్ శ్రుతో, దాని దగ్గర చుట్టమో అయ్యుండాలి. పాత శ్రుతికే చివరిదాకా కట్టుబడినవాళ్ళందరినీ అక్కడే కొట్టేయవచ్చు. వాద్యాల తేదీలు కూడా ఇలాగే పనికొస్తాయి. నాదాన్ని పెంచే మూడు కోన్లతో నేషనల్ కంపెనీ లోహపు గిటారు 1927లో వచ్చింది, "ఫ్రైయింగ్ పాన్" అని ముద్దుపేరు పడ్డ ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్ 1932లో అమ్మకానికి వచ్చింది. ప్లేటులో ఎలక్ట్రిక్ నాదం స్పష్టంగా ఉంటే దాని తేదీని 1920ల్లో పెట్టేవాళ్ళ మాట వినక్కర్లేదు.

ఇక కాగితం. ప్లేటు మీద పాట గాడి ముగిసి లేబుల్ మొదలయ్యే నున్నటి పట్టీలో చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. అది మ్యాట్రిక్స్ నంబరు, ఆ రికార్డింగుకి పుట్టుకతో వచ్చిన గుర్తు. లేబుల్ అబద్ధం చెప్పినా ఆ అంకె సాధారణంగా చెప్పదు. 1920ల్లో బ్యానర్, రీగల్, డొమినో లాంటి చవక లేబుళ్ళు ఒకే రికార్డింగును వేర్వేరు కళాకారుల పేర్లతో అమ్మాయి. మూడు ప్లేట్లు, మూడు పేర్లు, అంకె మాత్రం ఒకటే. ఒక లేబుల్ మీద అసలు పేరు దొరికిందా, మిగతా రెండూ విడిపోయినట్టే. హోనొలులులో పుట్టిన ఫ్రాంక్ ఫెరేరా విషయంలో ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. మొదట భార్య హెలెన్ లూయిస్‌తో, ఆ తర్వాత ఆంథనీ ఫ్రాంకీనీతో ఆయన వాయించని కంపెనీ ఆ కాలపు అమెరికాలో దాదాపు లేదనవచ్చు. పేరు ఒక చోట ఫెరేరా, ఒక చోట ఫెరైరా, ఇంకో చోట పాలకీకో. లేబుల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈయన్ని ముగ్గురు మనుషులుగా లెక్కేసేవాళ్ళం.

విక్టర్ కంపెనీ పద్దు పుస్తకాలు ఈ రంగానికి పెద్ద ఆస్తి. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎన్నో టేకు, ఏయే వాద్యాలు అన్నది వాటిలో రాసి ఉంటుంది, చాలాచోట్ల పేర్లు కూడా ఉంటాయి. ఆ వివరాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నడిపే డేటాబేసులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. 1940ల తర్వాతి హాలీవుడ్ రికార్డింగులకు సంగీతకారుల యూనియన్ ఒప్పంద పత్రాలున్నాయి. ఎవరికి ఎంత చెల్లించారో రాసే కాగితం కాబట్టి అందులో గొప్పలకు చోటు తక్కువ. అదే యూనియన్ 1942 ఆగస్టు నుంచి రికార్డింగులు ఆపించింది. డెక్కా 1943 సెప్టెంబరులో, విక్టర్, కొలంబియాలు 1944 నవంబరులో గానీ రాజీకి రాలేదు. ఎవరైనా విక్టర్ ప్లేటుకి "1943 రికార్డింగు" అని తేదీ చెబితే కనుబొమలు ఎగరేయాల్సిందే.

కాగితానికీ గుడ్డిమచ్చలున్నాయి. "రెండు గిటార్లు, యుకలేలీ" అని గుమాస్తా రాసి ఊరుకున్నాడనుకోండి, ఆ రెండింటిలో ఒళ్ళో పెట్టుకుని వాయించింది ఏదో తెలియదు. ఒప్పందంలో "గిటార్" అని ఉంటే అది ఉక్కు కడ్డీ గిటారా, మామూలుదా? ఇద్దరి పేర్లు దొరికి ఎవరు ఏది వాయించారో తెలియని చోట మళ్ళీ చెవే దిక్కు. అప్పుడది ప్రపంచంలోని వాద్యకారులందర్నీ వెతకక్కర్లేదు, ఇద్దర్లో ఒకర్ని కొట్టేస్తే చాలు. ఆ పని దానికి బాగా వచ్చు.

అసలు కాగితమే లేని చోట జ్ఞాపకం ముందుకొస్తుంది. దీనికి టావు మోయె కథను మించింది నాకు తెలియదు. సమోవాలో పుట్టి హవాయిలో పెరిగిన ఈయన 1929లో టోక్యోలో మదామ్ రివియేర్స్ హవాయియన్స్ అనే బృందంతో పాటలు రికార్డు చేశాడు. లేబుల్ మీద ఉన్నది బృందం పేరే. దశాబ్దాల తర్వాత అమెరికన్ గిటారిస్టు బాబ్ బ్రోజ్‌మన్ ఆ ప్లేట్లంటే ప్రాణం పెట్టాడు, వాటిలోని పాటలు తానూ వాయించాడు. ఆ గిటారు తనదేనని చెబుతూ హవాయి నుంచి టావు మోయె దగ్గరనుంచే ఆయనకి ఉత్తరం వచ్చింది. 1980ల చివర్లో టావు, భార్య రోజ్, పిల్లలు, బ్రోజ్‌మన్ కలిసి ఆ పాత పాటలను మళ్ళీ రికార్డు చేశారు. ఇక్కడ జ్ఞాపకం మాటతో ఆగలేదు, చేతితో వాయించి చూపించింది.

చెవి ఒక్కటే ఉంటే ఈ కేసులో ఏమయ్యేది? టావు మోయె గురువు ఎం.కె. మోకె. 1928లో బ్రున్స్‌విక్ కంపెనీ హోనొలులు వెళ్ళి జానీ నోబుల్ ఆధ్వర్యంలో చేసిన రికార్డింగుల్లో ఈ మోకె వాదన ఉంది. బాణీ పోలికతో టోక్యో ప్లేట్లను గురువు ఖాతాలో వేయడానికి ఎంతో పట్టదు. టావు మోయె కుటుంబానికి మన దేశంతో కూడా అనుబంధం ఉంది. యుద్ధకాలంలో వాళ్ళు కలకత్తాలో ఉన్నారు. కలకత్తా గిటారిస్టు గార్నీ నిస్ అక్కడే టావు దగ్గర నేర్చుకుని హిజ్ మాస్టర్స్ వాయిస్‌కి హవాయి ప్లేట్లు ఇచ్చాడు. అంటే మోకె బాణీ హోనొలులు నుంచి కలకత్తా దాకా నడిచిందన్నమాట. చెవిని నమ్ముకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

అలాగని జ్ఞాపకాన్ని కళ్ళు మూసుకుని నమ్మలేం. ఒకే గాయకుడు ఒకే పాటను పదేళ్ళలో వేర్వేరు కంపెనీలకు పాడటం హవాయిలో మామూలే. "ఆ పాటకి నేనే వాయించాను" అన్న ముసలాయన నిజమే చెబుతుండవచ్చు, మన చేతిలో ఉన్న ప్లేటు గురించి మాత్రం కాకపోవచ్చు. అందుకే అడిగేటప్పుడు పాట పేరు చెప్పి అడగకూడదు, ఆ ప్లేటే వినిపించి అడగాలి. పేరు మనం అందించకూడదు. కుటుంబ సభ్యుల మాట ఇంకో మెట్టు కింద ఉంటుంది. తాతగారు రేడియోలో వాయించింది, డాన్సు హాల్లో వాయించింది, స్టూడియోలో వాయించింది అన్నీ ఇంట్లో ఒకే కథగా కలిసిపోతాయి.

ఇంతకీ ఏది మేలు? కాలాన్ని బట్టి, ఊరిని బట్టి నా ఓటు మారుతుంది. 1914 నుంచి 1930ల చివరిదాకా అమెరికా ప్రధాన భూభాగంలో పెద్ద కంపెనీలు తీసిన ప్లేట్లకు కాగితానిదే పైచేయి. మ్యాట్రిక్స్ నంబరు చూడకుండా సూది పెట్టి పేరు ఊహించడం శ్రమ దండగ. యుద్ధం తర్వాత హోనొలులులో వచ్చిన చిన్న లేబుళ్ళకు, అంటే 1948లో మొదలైన 49త్ స్టేట్ లాంటివాటికి, నేను జ్ఞాపకం వైపే మొగ్గుతాను. అక్కడ వాద్యకారుల లోకం చిన్నది, ఎవరు ఎవరితో వాయించారో అందరికీ తెలుసు. గాయని జెనోవా కెయావే పక్కన స్టీల్ గిటార్‌తో బెన్నీ రోజర్స్ ఉండేవాడన్నది అలాంటి అందరెరిగిన సంగతే.

హవాయి కాల్స్ అనే రేడియో కార్యక్రమం పేరుతో వచ్చిన ఎల్పీలు ఈ రెంటికీ మధ్యలో పడతాయి. అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న వెబ్లీ ఎడ్వర్డ్స్ ఆ రేడియో కార్యక్రమ నిర్వాహకుడు, వాద్యకారుడు కాదు. 1950ల్లో అక్కడ స్టీల్ దగ్గర జూల్స్ ఆ సీ, బార్నీ ఐజాక్స్ ఉన్నారని తెలుసు. తేలాల్సింది ఏ పాటలో ఎవరన్నదే. ఇద్దరే కాబట్టి ఇది చెవి పని. ఒక జాగ్రత్త ఉంది. జూల్స్ 1960లో చనిపోయాడు, కానీ అట్ట మీద ఆ తర్వాతి సంవత్సరం ఉన్నంత మాత్రాన ఆయన్ని కొట్టేయకూడదు. కంపెనీలు పాత టేపులతో కొత్త ఎల్పీలు వేస్తూనే ఉంటాయి.

నా జాబితాలో ప్రతి పేరు పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది: కాగితమైతే "కా", జ్ఞాపకమైతే "జ్ఞా", చెవి అయితే "చె". "చె" ఒక్కటే ఉన్న పేరు తర్వాత ప్రశ్నార్థకం తప్పనిసరి. "స్వీట్ లెయ్‌లానీ" దగ్గర పేరు కోసం వదిలిన గడి ఇంకా ఖాళీగానే ఉంది.