ఎస్పీ రోడ్డులో "విండోస్ 11 వేసే ఇస్తాం సార్" అన్నారా? ముందు ప్రాసెసర్ నంబరు చూడండి

బెంగళూరు కంప్యూటర్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో ఆఫీసు కోసం పదీ ఇరవై సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లు ఒకేసారి కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఆరో, ఏడో జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మిషన్ల మీద విండోస్ 11 ఎక్కించి, "కొత్త విండోస్, ఇంక చింత లేదు" అని అంటగడుతున్నారు. ఎస్పీ రోడ్డులో నిజాయితీగా అమ్మే దుకాణాలకు కొదవ లేదు. కానీ ఈ సరుకు చూడ్డానికి మంచి సరుకులాగే ఉంటుంది, అదే ఇబ్బంది.

విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత. గీత తర్వాత వచ్చే నంబరు మొదట్లోనే జనరేషన్ ఉంటుంది: ఐ5-6500 అంటే ఆరు, ఐ5-8500 అంటే ఎనిమిది, ఐ5-10400 అంటే పది. "ఐ7 సార్, రాకెట్‌లా పోతుంది" అనే మాటకు పడిపోకండి. ఐ7-7700 మైక్రోసాఫ్ట్ జాబితాలో లేదు, ఐ3-8100 ఉంది. మోడల్ పేరుతో గుర్తుపట్టాలంటే: డెల్ ఆప్టిప్లెక్స్ 3050, 7050 వద్దు, 3060, 7060 సరే. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800లో జీ3 వద్దు, జీ4 తీసుకోవచ్చు. "టీపీఎం 2.0 ఉంది, మీరే చూసుకోండి" అని తెరిచి చూపిస్తారు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) ఒక షరతు, ప్రాసెసర్ ఇంకో షరతు. ఒకటి నెగ్గితే రెండోది నెగ్గినట్టు కాదు.

మరి విండోస్ 11 ఎలా ఎక్కింది? రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడే ఈ తనిఖీలను తీసేయొచ్చు. ఎక్కాక నెలనెలా ప్యాచ్‌లు కూడా మామూలుగానే వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ మాత్రం అప్‌డేట్‌లో దానంతటది రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కి ఆయుష్షు 24 నెలలే. 23హెచ్2 అనే వెర్షన్‌కి 2025 నవంబరు 11తో తీరిపోయింది, 24హెచ్2కి 2026 అక్టోబరు 13తో తీరుతుంది. ఆ తర్వాత ఇరవై మిషన్లకూ ఎవరో ఒకరు మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. అది కూడా సపోర్ట్ లేని దారే. దుకాణంలోనే రన్ బాక్సులో విన్‌వెర్ (winver) అని కొట్టి వెర్షన్ చూడండి. 23హెచ్2 కనబడితే బేరం అక్కడితో ఆపేయండి.

లైసెన్సులో ఇంకో మెలిక ఉంది. రన్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్ఐ అని కొడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఓఈఎం (మిషన్‌తోపాటు వచ్చిన లైసెన్సు) అనో రిటైల్ (విడిగా కొన్నది) అనో ఉండాలి. వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్ అని ఉంటే అది ఏదో సంస్థ సర్వర్ నుంచి యాక్టివేట్ కావాల్సిన లైసెన్సు, లేదా క్రాక్. ఆ యాక్టివేషన్ 180 రోజులకే చెల్లుతుంది. ఆలోగా రెన్యూ కాకపోతే యాక్టివేట్ చేయమనే గోల మొదలవుతుంది. డొమైన్‌లో (ఆఫీసు సర్వర్ నడిపే నెట్‌వర్క్‌లో) కలపాల్సిన మిషనైతే హోమ్ ఎడిషన్ పనికిరాదు, ప్రో కావాలి.

అన్నింటికంటే ఖరీదైన దెబ్బ ఎక్స్‌ఛేంజిలో తగులుతుంది. మీ దగ్గరున్న ఎనిమిదో జనరేషన్ మిషన్‌ను చూసి "ఇది 11కి పనికిరాదు" అని చవగ్గా తీసుకుని, ఏడో జనరేషన్‌ది అంటగడతారు. నిజానికి మీ మిషన్‌లో లోపం ఉండకపోవచ్చు. బయోస్ (మిషన్ స్టార్టప్ సెట్టింగులు) పాత లెగసీ మోడ్‌లో, డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో, ఇంటెల్ పీటీటీ (ఇంటెల్ సొంత టీపీఎం) ఆఫ్‌లో ఉంటే చాలు, తనిఖీలో ఫెయిలవుతుంది. సరిచేయడం పెద్ద పనేం కాదు. ముందు బ్యాకప్ తీయండి. బిట్‌లాకర్ (డిస్కుకి వేసే డిజిటల్ తాళం) ఉంటే సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్కు పద్ధతి మార్చే ఎంబీఆర్2జీపీటీని మొదట వాలిడేట్‌తో నడిపి, అది ఒప్పుకుంటేనే కన్వర్ట్ ఇవ్వండి. రెండుసార్లూ అలౌఫుల్‌ఓఎస్ (/allowFullOS) స్విచ్ తప్పనిసరి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించితే ఒప్పుకోదు. తర్వాత బయోస్‌లోకి వెళ్లి లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐ మోడ్‌కి మార్చి, పీటీటీ, సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. కన్వర్ట్ చేసి బయోస్ మార్చడం మరిచిపోతే మిషన్ బూట్ అవ్వదు. అప్పుడు "చెప్పాంగా సార్, పాడైపోయింది" అంటారు.

"విండోస్ 10 అలాగే ఉంచండి, పొడిగింపు అప్‌డేట్ల కీ అయిదు వందలకిస్తాం" అనేవాళ్లూ ఉన్నారు. అంటే సపోర్ట్ ఆగాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే పథకం. వ్యాపారాలకు మైక్రోసాఫ్ట్ పెట్టిన ధర మిషన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. ఆలస్యంగా చేరితే గడిచిన ఏడాది డబ్బు కూడా కట్టాలి. మొత్తం 427 డాలర్లు, అంటే 35,000 రూపాయలు దాటుతుంది. అయిదు వందల కీ ఎలాంటిదో వేరే చెప్పాలా? ఇళ్లకోసం పెట్టిన చవక పథకం డొమైన్‌లో ఉన్న మిషన్లకు వర్తించదు.

లాటులో ఒక్క శాంపిల్ చూసి సరే అనకండి. శాంపిల్ ఎనిమిదో జనరేషన్‌ది, మిగతావి ఏడో జనరేషన్‌వి అయ్యే అవకాశం ఉంది. ప్రతి డబ్బానూ ఆన్ చేయించండి. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్‌ని కంపెనీ సపోర్ట్ సైటులో కొడితే, ఫ్యాక్టరీ నుంచి ఏ ప్రాసెసర్‌తో వచ్చిందో తెలుస్తుంది. జీఎస్టీ బిల్లులో "డెస్క్‌టాప్ 20" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు, ఒక్కోదానికీ సీరియల్ నంబరు, ప్రాసెసర్ నంబరు, విండోస్ ఎడిషన్ రాయించండి. డబ్బు కట్టేలోపు ఒక మిషన్‌ని ఆఫీసుకి తెచ్చి ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించి చూడండి. పాత ప్రింటర్‌కి ప్యారలల్ పోర్టు కావాలంటే చాలా మోడళ్లలో అది ఉండదు, విడిగా కార్డు వేయించాలి. దాని ధర కూడా ఆ బిల్లులోనే తేల్చుకోండి.