షోకి పాత పోలీసు కారు: క్యాప్రిస్ మేలా, క్రౌన్ విక్టోరియా మేలా?

డ్యూటీ దిగిపోయిన పోలీసు కారు కొని, బాగుచేసి, కార్ షోలో నిలబెట్టాలనుకునే మిత్రులు అమెరికాలో నన్ను ముందు అడిగేది ఇదే: షెవర్లే క్యాప్రిస్ తీసుకోవాలా, ఫోర్డ్ క్రౌన్ విక్టోరియానా? 90ల నాటి పోలీసు బండి అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఈ రెండే. రెండూ వీ8లే, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లే; రెండిటికీ ఇంజిన్ బలం వెళ్లేది వెనక చక్రాలకే. రెండూ లారీలాగా ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టినవే.

మనసు మాత్రం క్యాప్రిస్ వైపే లాగుతుంది. కంపెనీ దాని పోలీసు ప్యాకేజీకి ఇచ్చిన కోడ్ 9సీ1. 1994 నుంచి 1996 వరకు వచ్చిన వాటిలో 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్ ఉన్నవాటికి 260 హార్స్‌పవర్ వచ్చేది. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉండే డాలస్ పక్కనే, ఆర్లింగ్టన్‌లో తయారైంది. 1996 డిసెంబర్‌లో అక్కడ ఆపేశారు. షోలో ఒకటి కనిపిస్తే చాలు, జనం చుట్టూ మూగుతారు.

అయితే ఆ ఇంజిన్‌కి ఒక బలహీనత ఉంది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ ముందు భాగంలో, సరిగ్గా వాటర్ పంపు కింద ఉంటుంది. పంపు కారడం మొదలైతే నీళ్లు దాని మీదే పడతాయి, ఇంజిన్ తడబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ మార్చాలంటే పంపు ఊడదీయక తప్పదు.

క్రౌన్ విక్టోరియా (దీని పోలీసు మోడల్ కోడ్ పీ71) అంత దూకుడు మనిషి కాదు. 4.6 లీటర్ల ఇంజిన్. కానీ ఆఖరి బండి కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది 2011 సెప్టెంబర్ 15న. అందుకే సామాను ఇంకా తేలిగ్గా దొరుకుతుంది, మెకానిక్‌కి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కొనేటప్పుడు మైళ్లు ఒక్కటే చూసి మోసపోకండి. పోలీసు బండి రోడ్డు పక్కన ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని గంటలు గంటలు నిలబడుతుంది. ఫోర్డ్ లెక్క ప్రకారం అలా ఒక గంట నిలబడితే 33 మైళ్లు తిరిగినంత అరుగుదల. తర్వాతి ఏళ్ల బండ్లలో ఈ గంటల మీటరు కూడా ఉంటుంది. అది 3,000 చూపిస్తే, మీరు చూసిన మైళ్లకు ఇంకో 99,000 కలుపుకోండి.

షోలో అసలు పరీక్ష ఇంజిన్‌కి కాదు, సరంజామాకి. కారు పైకప్పు మీద ఆ ఏడాది, ఆ ఊరి పోలీసులు వాడిన లైట్‌బారే (మెరిసే లైట్ల పట్టీ) ఉండాలి. 1995 బండి మీద ఎల్ఈడీ బారు పెడితే తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు. లోపల హాలోజెన్ బల్బుల చుట్టూ అద్దాలు తిరిగే కోడ్ 3 ఎంఎక్స్7000 లాంటిది కావాలి. దానికి తోడు స్పాట్‌లైటు, రేడియో, వెనక సీటుకి అడ్డంగా జాలీ. ఒక్కోటి వెతికి పట్టుకోవడానికి నెలలు పడుతుంది. నా బండి తలుపు మీద స్టిక్కర్లు పీకేసి చాలా ఏళ్లయింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం పాత అక్షరాల అంచులు పెయింట్‌లో తేలేవి. పాలిష్ కొట్టించకముందే బటర్ పేపర్ పెట్టి వాటిని గీసుకున్నాను. కొత్త స్టిక్కర్లు ఆ కొలతలతోనే చేయించాను.

రోడ్డు మీద నడిపేటప్పుడు లైట్‌బారుకి తొడుగు వేయండి, తలుపుల మీద 'సర్వీసులో లేదు' అనే మ్యాగ్నెట్ బోర్డు పెట్టండి. రాష్ట్రానికో రూలు ఉంటుంది, మీది ముందే కనుక్కోండి. ఆ ఊరి చిహ్నం వాడే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌ని అడగడం మర్యాద.

మొదటి బండి అయితే నా ఓటు క్రౌన్ విక్టోరియాకే. ఇంజిన్ దగ్గర మిగిలిన డబ్బు, ఓపిక సరంజామాకి పెట్టొచ్చు. ఎవరైనా తుప్పు లేని క్యాప్రిస్ చూపించి, పంపు, డిస్ట్రిబ్యూటర్ కొత్తవి వేయించిన రసీదు చేతిలో పెడితే మాత్రం వెంటనే తీసేసుకోండి.