పానగల్లు నీడ, పాలమూరు మర్రి, అలంపురం బల్లి

మా మేనల్లుడు రాత్రంతా దుప్పట్లో దూరి ఫోన్‌లో దయ్యాల వీడియోలు చూస్తాడు. తర్వాత బాత్రూంకి తోడు రమ్మంటాడు. నవ్వడానికి నాకేం హక్కుంది? తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న కాలం నాది. కొరివిదయ్యం కథ చెప్పమని అమ్మమ్మను సతాయించి, చెప్పాక ఆమె కొంగు పట్టుకుని పడుకునేవాణ్ణి. సరే, మనవైపు భయం ఎక్కడుందో చూద్దామని కారు తీశాం.

మొదట నల్లగొండ పక్కనే పానగల్లు, ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ. పొద్దు కదిలినా అది కదలదు. ముందున్న స్తంభాల మధ్య నుంచి పలుదిక్కుల వెలుగు పడేలా కట్టారని ఫిజిక్స్ తెలిసినవాళ్లు చెబుతారు. అది వాడికీ చెప్పాను. అయినా ఇద్దరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

దేవరకొండ కోట దారిలోనే ఉన్నా చీకటి పడిందని దిగలేదు.

మహబూబ్‌నగర్‌లో, అంటే పాత పేరు పాలమూరులో, బస్టాండ్ దగ్గరి లాడ్జిలో దిగాం. తొమ్మిది వందలు తీసుకున్నారు, గీజర్ పనిచేయలేదు, ట్యూబ్‌లైట్ వెనక రెండు బల్లులు. దుప్పటి మాత్రం ఉతికిందే. పొద్దున పిల్లలమర్రికి పోయాం. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు, ఊడలు దిగి మూడెకరాల పైనే పాకింది. 2017లో కొమ్మ విరిగిపడితే చెదలని తేలింది. మనిషికి సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు మందు ఎక్కించి బతికించారు. అప్పట్లో జనాన్ని చెట్టు కిందికి పోనివ్వడం ఆపేశారు. "మామా, దయ్యమే పేషెంటయిందే" అన్నాడు వాడు. దయ్యాల కోసమైతే పిల్లలమర్రికి పోనక్కర్లేదు, చెట్టు కోసం పోవచ్చు.

అలంపురానికి అక్కణ్ణుంచి రెండు గంటల పైనే. హైవే మీద చౌరస్తాలో లోపలికి తిరగాలి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఇక్కడే. శవం మీద కూర్చున్న తల్లి, పైకి లేచిన జుట్టు, అందులో బల్లి, తేలు, పుర్రె. ఆమె ఉగ్రం చల్లారాలనే గుడి చుట్టూ నీళ్లు పెట్టారట. క్యూలో మా ముందున్న పెద్దమ్మ, కూర ఎట్లా వండాలో చెప్పినంత తేలిగ్గా చెప్పింది: "ఇంట్ల బల్లులు ఎక్కువైతె కళ తప్పుతున్నట్టు బిడ్డా. ఆనక తేళ్లొస్తయి. ఆఖరుకు పుర్రె."

ఏ వీడియోలోనూ లేని భయం అది, ఇంటి గోడ మీదే ఉంది. పక్కనున్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, ఏడో శతాబ్దం నాటివి. శిల్పాలకే ఒక పూట కావాలి. మావాడు ఒక్కటీ సరిగా చూడలేదు.

"మామా, మన రూంల రెండుండె గదా?"

సామాను అక్కడే ఉంది కాబట్టి రాత్రికి మళ్లీ అదే లాడ్జి. పడుకునే ముందు వాడు రెండు బూట్లూ తిరగేసి, గట్టిగా దులిపి, మంచం మీద పెట్టుకున్నాడు. నావి కూడా దులపమన్నాను.