బ్రెయిన్‌హెచ్‌క్యూ ‘డబుల్ డెసిషన్’: మతిమరుపుకు కాదు, చూపు చురుకుదనానికి

పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి పెంచుతామనే యాప్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో గట్టి పరిశోధన అండ ఉన్న వ్యాయామం బ్రెయిన్‌హెచ్‌క్యూ యాప్‌లోని డబుల్ డెసిషన్. కానీ పేర్లు, తాళంచెవులు, మందుల వేళలు గుర్తుండాలని దీన్ని తీసుకుంటే నిరాశే మిగులుతుంది. కంటికి కనపడినదాన్ని మెదడు ఎంత త్వరగా అందుకుంటుందో, ఆ వేగానికే ఇది సాన పెడుతుంది.

తెర మధ్యలో కారో ట్రక్కో క్షణంపాటు కనిపిస్తుంది. అప్పుడే అంచున ఎక్కడో రూట్ 66 అనే అమెరికా రహదారి గుర్తు వస్తుంది. రెండూ మాయమయ్యాక వచ్చిన బండి ఏదో, గుర్తు ఎటు ఉందో చూపించాలి. సరిగ్గా చెప్పేకొద్దీ కనిపించే సమయం మిల్లీసెకన్లలోకి తగ్గుతుంది, తప్పితే పెరుగుతుంది. పోనుపోను బండ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, తికమకపెట్టే గుర్తులు ఎక్కువవుతాయి. జవాబు నిదానంగా చెప్పినా నష్టం లేదు. వేళ్లు వణికేవాళ్లకు ఇది ఎంతో ఊరట.

దీని మూలం మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్లీన్ బాల్, డేనియల్ రోంకర్ రూపొందించిన వేగ శిక్షణ. అమెరికాలో యాక్టివ్ అనే అధ్యయనం 65 ఏళ్లు, ఆపైన ఉన్న సుమారు 2,800 మందిని బృందాలుగా చేసి దాన్ని, తర్క శిక్షణను, జ్ఞాపక శిక్షణను వేర్వేరుగా పరీక్షించింది. 10 తరగతులు, ఒక్కొక్కటి గంట నుంచి గంటంబావు. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం, నేర్పిన అంశంలో వెంటనే మెరుగైనవాళ్లు వేగ శిక్షణలో 87 శాతం, తర్క శిక్షణలో 74 శాతం, జ్ఞాపక శిక్షణలో 26 శాతమే. పదేళ్ల తర్వాత చూస్తే మొదటి రెండింటి ప్రభావం నిలిచింది, మూడోది నిలవలేదు. వేగ శిక్షణ పొందినవాళ్లకు డిమెన్షియా (మెదడు క్షీణించి వచ్చే మతిమరుపు జబ్బు) ముప్పు 29 శాతం తక్కువని 2017లో లెక్క తేలింది. అది డాక్టర్లు పరీక్షించి నిర్ధారించిన లెక్క కాదు. కాబట్టి ఇది ఆడితే డిమెన్షియా రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఇలాంటి ప్రచారానికే 2016లో మెదడు ఆటల యాప్ లూమోసిటీ సంస్థ, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఫోన్‌లో ఆడించవద్దు. అంచు మరీ దగ్గరగా ఉంటే అసలు కసరత్తే జరగదు. పది అంగుళాల ట్యాబ్ అయినా ఉండాలి. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, తెర మీద వెలుతురు పడి మెరవకుండా కూర్చోవాలి. అరగంట చొప్పున వారానికి మూడుసార్లు చాలు. ఎక్కువమంది చేసే తప్పు గుర్తు కోసం కళ్లు అంచులకు తిప్పడం. అప్పుడు బండి జారిపోతుంది, రెండూ తప్పుతాయి. చూపు మధ్యలోనే నిలపాలి. అలసిపోతే స్కోరు పడిపోతుంది, ఆ రోజుకు ఆపేయాలి. పక్కనున్నవాళ్లు జవాబులు అందిస్తే మాత్రం యాప్ ఆ జవాబులను బట్టి వేగం పెంచేస్తుంది, పెద్దాయన అందుకోలేక విసిగి వదిలేస్తారు.

ఇక పేర్లు గుర్తుండాలంటే యాప్ అక్కర్లేదు. విరామాలు పెంచుతూ అడిగే పద్ధతి ఉంది. ఒక్క పేరు తీసుకోండి. చెప్పగానే తిరిగి అడగండి, తర్వాత అర నిమిషానికి, ఆపైన 1, 2, 4, 8, 16 నిమిషాలకు. తప్పితే ఊహించమని ఒత్తిడి చేయకుండా సరైన పేరు వెంటనే చెప్పి, వాళ్లచేత అనిపించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన విరామానికి వెనక్కి వెళ్లండి. మర్నాడు ముందుగా అదే పేరు అడగండి. అది నిలిచాకే రెండో పేరు.