లోయర్ ఆర్మ్ బోల్టు పట్టేస్తే ఏది పనికొస్తుంది: మూడేళ్లు వాడిన సరంజామా

సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఏడెనిమిదేళ్లు తిరిగిన కారుకు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయి) బుష్‌లు, అంటే ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు ఉండే కీళ్లు, మార్చాలంటే బుష్ కంటే దాని బోల్టే ఎక్కువ పని పెడుతుంది. ఇంటి దగ్గర ఈ పనికి వాడుతున్న వాటిలో ఏది డబ్బుకు తగ్గ పని చేసిందో, ఏది ఊరికే మూల పడి ఉందో రాస్తున్నాను.

బోల్టు ఎక్కడ పట్టేసిందో ముందు తెలియాలి. అసలు కదలకపోతే సాధారణంగా మరల (థ్రెడ్ల) దగ్గరే తుప్పు. నట్టు ఊడి వచ్చాక తలను తిప్పితే కొంచెం తిరిగి, వదలగానే స్ప్రింగులా వెనక్కి వస్తోందా? అయితే మరలది తప్పు కాదు. బోల్టు నడుము బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది, మెలిపడిన రబ్బరు వెనక్కి లాగుతోంది. ఈ రెండో రకానికి బలం పెంచి లాభం లేదు.

అరంగుళం బ్రేకర్ బార్ (సాకెట్ తగిలించి తిప్పే పొడవాటి ఇనుప కడ్డీ), 600 మి.మీ. పొడవుది: అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే. చివర 50 కిలోల బరువు వేస్తే దాదాపు 300 న్యూటన్ మీటర్లు వస్తుంది. అదే పని రాచెట్‌తో (ఒక వైపే పట్టే పళ్ల హ్యాండిల్‌తో) చేస్తే లోపలి పళ్లు విరుగుతాయి. సాకెట్ మాత్రం ఆరు మూలల ఇంపాక్ట్ రకమే కొనాలి. పన్నెండు మూలలది తుప్పు తిన్న తలను గుండ్రంగా చేసేస్తుంది. ఒక చవక సెట్‌లోని 17 మి.మీ. సాకెట్ గోడ రెండో వాడకానికే చీలింది. తల అరిగి 17 వదులైతే 16 సాకెట్‌ను సుత్తితో కొట్టి దిగేయాలి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కూ బార్‌కూ మధ్య వేసే కడ్డీ) వేస్తే అది కొంచెం మెలిపడుతుంది, అయినా బోల్టుకు చేరే బలం తగ్గదు. విప్పే ముందు బిగించే వైపు ఒక్క పిసరు కదిపితే తుప్పు పొర చిట్లుతుంది. ఇంత బలంగా లాగేటప్పుడు కారు జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి.

పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి పాకే పల్చటి నూనె): మామూలు డబ్ల్యూడీ-40 ప్రధానంగా తేమను తరమడానికి చేసింది. ఈ పనికి విడిగా అమ్మే పెనెట్రెంట్ మెరుగు. వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, ముందు రోజు రాత్రి నుంచి మూడు నాలుగుసార్లు కొట్టి, తల మీద సుత్తితో తడుతూ ఉండాలి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపింది కూడా బాగానే దిగుతుంది, కానీ రెండూ విడిపోతుంటాయి కాబట్టి వేసే ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ పెయింటును, రబ్బరును తింటుంది. బుష్ గొట్టం లోపలికి మాత్రం ఏ ఆయిలూ సరిగా చేరదు.

గ్యాస్ టార్చ్: బయట కనిపించే నట్టుకైతే బంగారం. వేడి చేయాల్సింది నట్టునే, బోల్టును కాదు. 14 మి.మీ. నట్టు 300 డిగ్రీలకు వేడెక్కితే దాని రంధ్రం సుమారు 0.05 మి.మీ. సాగుతుంది, తుప్పు పట్టు విడవడానికి అది చాలు. వేడి మీదే కొవ్వొత్తి ఆనిస్తే మైనం మరల్లోకి పాకుతుంది. ఆయిల్ కొట్టిన చోట, బ్రేక్ హోస్ పక్కన, బాల్ జాయింట్ బూటు దగ్గర మంట పెట్టకూడదు. నట్టు సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్ బిగించే కింది ఇనుప చట్రం) లోపల వెల్డ్ చేసి ఉంటే మంట అక్కడికి చేరదు, టార్చ్ దండగ.

బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ తిప్పే యంత్రం): మరల తుప్పుకు బాగుంది. ముందుకీ వెనక్కీ రెండేసి సెకన్లు కొట్టాలి. అదే పనిగా విప్పే వైపే కొడితే వెల్డ్ చేసిన లోపలి నట్టు ఊడి తిరగడం మొదలవుతుంది. అప్పుడు సబ్‌ఫ్రేమ్‌కు కిటికీ కోయాల్సి వస్తుంది. గొట్టానికి అతుక్కున్న బోల్టు మీద ఇది దాదాపు పనికిరాదు, దెబ్బను రబ్బరు మింగేస్తుంది.

ఆ రకానికి కోయడమే మార్గం. సబర్ సా (ముందుకూ వెనక్కూ ఆడే కరెంటు రంపం) బ్లేడును బుష్ గొట్టానికీ బ్రాకెట్‌కూ మధ్య సందులో దూర్చి రెండు వైపులా కోయాలి. బ్లేడు ఎటైనా ఒరిగితే గొట్టం వైపే ఒరగాలి, ఎలాగూ బుష్ పారేసేదే. 10.9 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టుకు బైమెటల్ బ్లేడు ఒక కోతకే మొద్దుబారుతుంది, కార్బైడ్ పళ్లది కొనడం మేలు. నాలుగంగుళాల గ్రైండర్ డిస్కు ఆ సందులోకి పోనే పోదు, పైగా నిప్పురవ్వలు.

కొత్త బోల్టు, కొత్త నట్టు ఒకేసారి తెప్పించుకోవాలి. యాంటీ సీజ్ (మళ్లీ పట్టేయకుండా రాసే పేస్టు) బోల్టు నడుముకు మాత్రమే పలచగా రాయాలి. మరలకు అంటితే మాన్యువల్‌లో పొడిగా బిగించమని ఇచ్చిన టార్క్‌కే (తిప్పే బలానికే) బోల్టు మీద లాగుడు మితిమీరుతుంది. చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆని, కారు బరువు పడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలికతోనే ఉండిపోయి కొత్త బుష్ త్వరగా చిరుగుతుంది.